పెంటయ్య చీటీ

టెక్కలి,
12 జూన్ 2003

ప్రియమైన వనజకు,

మావయ్య దీవెనలు. విశాఖపట్నం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఫోను చెయ్యమన్నావు గానీ, ఆ బూత్‌లో నిలబడి అరవడం నా వల్ల కాదు. నా చెవికి సగమే వినిపిస్తుంది. నా మాటలు మాత్రం బయట వరసలో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తాయి. ఉత్తరమే మేలు.

మోకాళ్ల నొప్పికి మీ అమ్మ ఏ బిళ్లలు మింగుతోందో కనుక్కోమన్నావు, వీలైతే ప్రిస్క్రిప్షన్ పంపమన్నావు. ముప్పయ్యేళ్లు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి గనక ముందు ఆ మాట సంగతి చెబుతాను, విసుక్కోకు. "ప్రీ" అంటే ముందు, "స్క్రిప్ట్" అంటే రాత. మందు చేతికివ్వక ముందే రాయాల్సింది గనక ప్రిస్క్రిప్షన్. డాక్టరు రాస్తాడు, షాపువాడు ఇస్తాడు, రోగి మింగుతాడు. ఒకరి పని ఇంకొకరు చెయ్యకూడదు. బడికి పాఠ్యపుస్తకం నిర్ణయించడానికి కూడా ఇంగ్లీషువాడు ఇదే క్రియ వాడతాడు. అధికారం లేనివాడు చెప్పేది సలహా, ఉన్నవాడు రాసేది ప్రిస్క్రిప్షన్.

మన ఉద్దానంలో మాత్రం ఈ మాట వాడకం వేరు. అక్కడ మందుల చీటీ అంటే గునపం, నిచ్చెన లాంటిది. ఊళ్లో ఒకరికి ఉంటే చాలు, అందరూ అడిగి పట్టుకెళ్తారు. మీ ఇంటి వెనక పెంటయ్య నీకు గుర్తున్నాడు కదా, కొబ్బరి చెట్లెక్కేవాడు. తొంభైతొమ్మిది తుపాను తర్వాత విరిగిన మట్టలు కొయ్యబోయి చెట్టు మీంచి పడ్డాడు. విశాఖలో ఎముకల డాక్టరు నొప్పికి బిళ్లలు రాశాడు. వారంలో లేచి తిరిగాడు. అంతే, ఆ చీటీకి మహిమ వచ్చింది. నడుం నొప్పికి పెంటయ్య చీటీ, మోకాళ్లకి పెంటయ్య చీటీ, ఒక మహానుభావుడు పంటి నొప్పికి కూడా అదే పట్టుకెళ్లాడట. పలాసలో మందుల షాపు బాబూరావు ఏ ప్రశ్నా వెయ్యడు. చీటీ మీద పేరు పెంటయ్య, మగ, వయసు నలభై రెండు. నాలుగేళ్లుగా మీ వీధి ఆడవాళ్లందరూ ఆ షాపు మెట్ల మీద నలభై రెండేళ్ల పెంటయ్యలే. ఒక్కళ్లకీ వయసు పెరగలేదు.

మీ అమ్మ మింగేదీ ఆ చీటీ మందే. చెబితే వినే మనిషి కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొద్దంతా గొంతుక్కూచుని పప్పు తొక్క తీస్తుంది, సాయంత్రం కాళ్లు లేవవంటుంది, బిళ్ల మింగి మళ్లీ పొద్దున్నే పరిగెడుతుంది. చదువు లేనిచోట ఇంతకంటే ఏం ఆశిస్తాం.

ప్రభువు నిన్ను కాపాడుగాక.

మీ మావయ్య,
ప్రభాకరరావు


విశాఖపట్నం,
21 జూన్ 2003

మావయ్యకి వందనాలు.

పాఠం బాగుంది. మా వార్డులో నర్సులకి చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. పెంటయ్య బాబాయి గుర్తు లేకపోవడమేమిటి, చిన్నప్పుడు నాకు బొండాలు కొట్టిచ్చేవాడు.

నవ్వడం అయ్యాక భయం వేసింది. అమ్మకి పాదాలు వాస్తున్నాయని, పొద్దున్న మొహం ఉబ్బుతోందని పక్కింటివాళ్లు చెప్పించారు. అమ్మ నాకు చెప్పలేదు. మీరూ రాయలేదు.

ఆ మాట మా దగ్గర ఎలా వాడతామో నేనూ చెబుతాను. ఎవరికి, ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు. ఈ నాలుగూ ఉండాలి. ఒకటి తక్కువైనా నేను మందు ఇవ్వను, తిరిగి డాక్టరు దగ్గరికి పంపుతాను. ఎంత తెలిసినా నా చేత్తో ఒక్క అక్షరం మార్చకూడదు. మారిస్తే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. నొప్పి బిళ్లలు నాలుగు రోజులకి మంచివి, నాలుగేళ్లకి కిడ్నీలను తినేస్తాయి. అందుకే ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఒకసారి ఊరెళ్లి ఆ చీటీ చూడండి. అందులో ఎన్ని రోజులని ఉందో రాయండి.

అమ్మని రక్తపరీక్షకి ఇక్కడికి పంపండి. నేను రావాలంటే సెలవు దొరకడం లేదు.

మీ
వనజ


టెక్కలి,
8 జూలై 2003

ప్రియమైన వనజకు,

దీవెనలు. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి పూండిలో దిగి మీ ఊరు వెళ్లొచ్చాను. దారిలో ఒక్క అరుగు ఖాళీగా లేదు, వైద్యులతో నిండిపోయింది. ఒకడు నా నడక చూసి "కాళ్లు లాగతన్నాయేటి మాస్టారూ, పెంటయ్య సీటీ ఉంది, ఇమ్మంటారా" అన్నాడు. నేను టెక్కలి నుంచి ఆ చీటీ మీద విచారణకు వచ్చానని వాడికి తెలీదు పాపం.

మీ అమ్మ పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. అడిగితే "నిలబడి వండినాను కదన్నయ్యా, అదే దిగిపోద్ది" అంది. అన్నం సయించడం లేదట. అది మాత్రం నాకూ నచ్చలేదు. చిన్నప్పుడు మా పళ్లెంలోది కూడా లాక్కుని తినేది.

చీటీలు చూశాను. అవును, చీటీలే. ఇప్పుడు ఒకటి కాదు, ఇంటికొకటి. ప్లాస్టిక్ అట్ట వేయించి, దేవుడి పటం పక్కనో, మన వాళ్లయితే బైబిల్లోనో పెట్టుకున్నారు. భూమి దస్తావేజుకి ఇంత భద్రత ఉండదు. మీ అమ్మతో పాటు ఫ్యాక్టరీలో తొక్క తీసే రత్నాలమ్మ తన చీటీ నాకు చూపించి మళ్లీ చీర చెంగుతో తుడిచి దాచింది. రోగి కోరిందీ అదే, వైద్యుడు రాసిందీ అదే అంటారు చూడు, ఇక్కడ వైద్యుడితో పనే లేకుండా చేసుకున్నారు.

ఇంకో సంగతి. ఈ వాపులూ ఈ కిడ్నీ రోగాలూ ఒక్క బిళ్లల వల్లనే అనుకోకు. బిళ్ల ముట్టనివాళ్లు కూడా మన వైపు ఇదే రోగంతో పోతున్నారు. నీళ్లంటున్నారు, మట్టంటున్నారు, ఎవరికీ తేలలేదు. ఊరికే బిళ్లల మీద పెట్టడం న్యాయం కాదు.

ఇరవై తొమ్మిదిన మీ అమ్మని ప్యాసింజరెక్కిస్తాను. పెంటయ్య కూతురు గాజువాకలో ఉంటుంది కదా, దాన్ని చూడ్డానికి వెళ్తూ వాడే తోడు వస్తానన్నాడు.

మావయ్య


విశాఖపట్నం,
3 ఆగస్టు 2003

మావయ్యకి,

అమ్మ చేరింది. రక్తంలో క్రియాటినిన్ నాలుగు దగ్గరుంది. ఒకటి లోపు ఉండాలి. కిడ్నీల డాక్టరు చూశారు. కిడ్నీలు సగానికి పైగా పోయాయన్నారు. ఇప్పుడు బిళ్లలు ఆపి, ఉప్పు తగ్గించి, నీళ్లు కొలిచి తాగితే ఉన్నవాటిని కొన్నేళ్లు నిలబెట్టుకోవచ్చు. లేకపోతే ఏడాదిలో డయాలసిస్ మిషను మీదకి వెళ్లాలి. మీరన్న నీళ్ల సంగతి ఆయనా చెప్పారు. అసలు జబ్బు దేనితో మొదలైందో చెప్పలేమన్నారు. కానీ మొదలైన జబ్బు మీద రోజుకి రెండు బిళ్లలు, మూడేళ్లకు పైగా, ఒక్క పూట కూడా తప్పకుండా మింగితే ఏమవుతుందో మాత్రం చెప్పగలనన్నారు.

మూడేళ్లు ఎందుకు మింగావని డాక్టరు అడిగితే అమ్మ సంచిలోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాసున్నట్టే మింగినాను బాబూ, ఒక్క పూట కూడా తప్పలేదు" అంది. బడిలో మంచి మార్కులు చూపించే పిల్లలాగా నిలబడి చెప్పింది. డాక్టరు ఆ చీటీ నాకిచ్చారు.

నేను ఆ రాత చూసి మీకు ఉత్తరం రాస్తున్నాను. నాకు నాలుగు గీతల పుస్తకంలో చెయ్యి పట్టుకుని దిద్దించిన రాత అది. పెద్ద టి మీద ఆ వంపు ఇంకెవరూ వెయ్యరు. మందు పేరు ముత్యాల్లా ఉంది. రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత అని పూర్తి వాక్యం ఉంది. ఎన్ని రోజులో లేదు.

జూన్‌లో నేను అడిగింది అదే. మీరు నాలుగు పేజీలు రాశారు, అది తప్ప.

ఆ చీటీ మీరు రాశారా మావయ్యా?

వనజ


టెక్కలి,
9 ఆగస్టు 2003

వనజకు,

రాశాను. అందులో దాచడానికేముంది. పెంటయ్య చీటీ మడతల్లో నలిగి చిరిగిపోతోందని, ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నా దగ్గరికి తెచ్చారు. ఆ డాక్టరు రాత కోడి గీసినట్టుంది. పది మందికి ఉపకారమని శుభ్రంగా తిరగరాసి ఇచ్చాను. నకలు తీసేవాడు నకలే తీస్తాడు, వైద్యం చెయ్యడు. ఉన్నది ఉన్నట్టు దించాను. రోజుల సంగతి అందులో లేకపోతే అది ఆ డాక్టరునే అడగాలి. నాలుగేళ్లుగా కళ్లు మూసుకుని మందులమ్మిన బాబూరావును అడగాలి. నన్ను కాదు.

పెద్దవాణ్ణి ఇలా ఉత్తరంలో నిలదీయడం మీ నర్సింగు బడిలో నేర్పారేమో, నేనైతే నేర్పలేదు.

మీ అమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నాను.

ప్రభాకరరావు


విశాఖపట్నం,
22 ఆగస్టు 2003

మావయ్యకి,

పెంటయ్య బాబాయి నిన్న మళ్లీ అమ్మని చూడ్డానికి వచ్చాడు. మీ నకలు పూర్తయ్యాక అసలు చీటీ ఆయనకే తిరిగిచ్చారట కదా. నలభై ఆరేళ్లొచ్చినా పారెయ్యలేదు. ఈసారి గాజువాక వస్తూ వెంట తెచ్చుకున్నాడు, జేబులోంచి తీసి నాకిచ్చాడు. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరం పోలేదు. మందు పేరు ఉంది, రెండు పూటలు ఉంది, చివర ఐదు రోజులు అని ఉంది. ఐదు చుట్టూ డాక్టరు సున్నా కూడా చుట్టాడు. కోడి గీసినా ఆ సున్నా నాకు స్పష్టంగానే కనిపించింది. మీకు కనిపించలేదా?

బాబాయిని అడిగాను, నువ్వెన్నాళ్లు మింగావని. "అయిదు దినాలమ్మా. డాట్రుబాబు సేతి వేళ్లు అయిదూ సూపించి సెప్పినాడు. అయిపోనాక మరెందుకు మింగుతాను" అన్నాడు. ఆయన రక్తం కూడా పరీక్ష చేయించాను. బాగుంది. మీరు జూన్‌లో రాసిన మాట గుర్తుందా, చదువు లేనిచోట ఇంతకంటే ఏం ఆశిస్తామని? మా వీధి మొత్తంలో డాక్టరు చెప్పినట్టు చేసినవాడు ఒక్కడే, వాడికి సంతకం రాదు. చదువు వచ్చిన రాత పట్టుకున్నవాళ్లంతా వాచి కూర్చున్నారు. గురివింద గింజ సామెత మీరే నాకు నేర్పారు, నేను కొత్తగా చెప్పను.

అమ్మని అడిగాను. మొదట చెప్పలేదు. మీ మీద మాట పడనివ్వదు, మీకు తెలుసు కదా. రాత్రి అన్నం దగ్గర ఏడ్చి చెప్పింది. "ఐదు దినాలని ఉంటే బాబూరావు పది బిల్లలే ఇత్తన్నాడు. మాటికీ పలాస ఎల్లాలంటే పని మానుకోవాల. ఆ ఐదు తీసీ అన్నయ్యా అని నానే అడిగినాను" అంది. మీరు తీసేశారు. ఆ తర్వాత పదకొండు నకళ్లు రాశారట, ఒక్కదాంట్లోనూ ఐదు లేదు.

అమ్మ అడిగింది, నిజమే. నొప్పి ఉన్న మనిషి ఏదైనా అడుగుతుంది. రోజూ నన్నూ అడుగుతారు రోగులు, ఇంకో ఇంజక్షను ఇవ్వమ్మా అని, చేతులు పట్టుకుని. నేను ఇవ్వను. అధికారం లేనివాడు రాయకూడదని నాకు పాఠం చెప్పిన చేత్తోనే మీరు మా అమ్మకి మూడేళ్లకు పైగా విషం రాసిచ్చారు. అది కూడా అందమైన అక్షరాల్లో. ఒక్క రూపాయి తీసుకోలేదని నాకు తెలుసు. మాస్టారు రాసిన చీటీ అని పలాసలో కూడా చెల్లుతుంది కదా, అది చాలింది మీకు.

అబద్ధం రాసినందుకు నాకు ఎక్కువ బాధ. తప్పు ఎవరైనా చేస్తారు. అడిగితే మూడుసార్లు తప్పించుకున్నారు. ఆ మూడు ఉత్తరాల మధ్య అమ్మ ఎన్ని బిళ్లలు మింగిందో లెక్కపెట్టుకోండి.

వచ్చే శనివారం అమ్మని పంపుతున్నాను. ఇక్కడ ఉండనంటోంది. నాకు జవాబు రాయక్కర్లేదు. ముందు ఆ పదకొండూ వెనక్కి తీసుకోండి.

వనజ


టెక్కలి,
16 సెప్టెంబరు 2003

వనజకు,

జవాబు వద్దన్నావు. పదకొండూ వెనక్కి తీసుకున్నాక రాద్దామని ఆగాను. తొమ్మిదే వచ్చాయి. అందుకే రాస్తున్నాను.

ఆ సున్నా నాకు కనిపించింది. మీ అమ్మ తీసెయ్యమన్నప్పుడు ఐదు రోజులకే ఎందుకు రాశాడో అని ఒక్క నిమిషం అనిపించింది కూడా. అయినా తీసేశాను. ఉద్యోగ విరమణ అయిన ఏడాది అది. ఎవరూ నన్ను దేనికీ అడగడం లేదు. హఠాత్తుగా మీ వీధి వీధంతా కాగితాలు పట్టుకుని, బస్సెక్కి వచ్చి నా అరుగు మీద కూచుంది. నేను కళ్లజోడు తుడుచుకుని, పెన్నులో సిరా నింపుకుని, ఒక్కొక్కరికీ రాసిచ్చాను. డాక్టరు ఇంగ్లీషులో వాక్యం పూర్తిగా లేదని దిద్దాను కూడా. ఇంతకంటే తెలివితక్కువ మనిషిని నేను ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఏ బెంచీ మీదా చూడలేదు.

పోయిన ఆదివారం మీ ఊరి సంఘంలో సాక్ష్యాల సమయంలో నిలబడి చెప్పాను. ఆ చీటీల్లో ఐదు రోజులని ఉండాలి, నేను కావాలని తీసేశాను, ఎవరూ ఇక మింగొద్దు, ఒళ్లు వాచినవాళ్లు రక్తపరీక్ష చేయించుకోండి అని. రాళ్లు వేస్తారనుకున్నాను. ఆరాధన అయ్యాక ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. వాళ్లకి కావాల్సింది చీటీ బదులు ఇంకో చీటీ. "అయితే కిడ్నీలకి మంచి బిల్లలు రాసీండి మాస్టారూ" అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇదీ నేను వాళ్లకి నేర్పిన ఇంగ్లీషు.

ఇల్లిల్లూ తిరిగి తొమ్మిది చీటీలు తీసుకున్నాను. చించి పారెయ్యలేదు, ఉత్తరంతో పాటు నీకే పంపుతున్నాను, నువ్వే చించు. ఒకటి పట్టుకుని ఒకావిడ బరంపురంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. రత్నాలమ్మ ఇవ్వనంది. గడపలో నిలబడి "నువ్వు కుర్సీలో కూకుని పింఛను తింతావు మాస్టారూ. రేపు నాను తొక్క తియ్యకపోతే నా పొయ్యి నువ్వెలిగిత్తావేటి" అంది. రాసినప్పుడు నన్ను నేను అడగని ప్రశ్న, వెనక్కి తీసుకోబోతే ఆవిడ అడిగింది. రేపు మళ్లీ వెళ్తాను. ఇవ్వకపోతే ఎల్లుండీ వెళ్తాను.

బాబూరావు దగ్గరికీ వెళ్లాను. ఆ చీటీ మీద ఇక మందివ్వకు, నేను డాక్టర్ని కాను అన్నాను. "మీరు డాట్రు కాదని నాకు తెలీదా మాస్టారూ. మీరంతటి మనిషి రాసినారు కదాని ఇచ్చినాను" అన్నాడు. వాణ్ణి తిట్టాలని వెళ్లాను, తిట్టలేక వచ్చేశాను.

ఇక మీ అమ్మ సంగతి. నువ్వు పంపిన రోజే వెళ్లాను. మీ అమ్మకి ముందే అన్నీ తెలుసు గనక నేను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. "చెల్లీ, ఐదు రోజులు దాటితే మంచిది కాదేమోనని నాకు ఆరోజే అనుమానం వచ్చింది" అన్నాను. అది వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి చెయ్యి తియ్యలేదు. తరుగుతూనే అంది, "నానడిగినాను అన్నయ్యా, తప్పు నాదే. నాకేటి తెలుసు, నాను సదుంకున్నానా. నువ్వు సదుంకున్నావు. కాదని నువ్వనాల." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తర్వాత నాకు అన్నం పెట్టింది. తను ఉప్పులేని కూర తింటూ నాకు వేరే గిన్నెలో ఉప్పు కలిపి పెట్టింది.

చిన్నప్పుడు మమ్మల్నిద్దర్నీ బడిలో వేస్తే, ఇంట్లో పనికి చెయ్యి కావాలని రెండో తరగతిలో దాన్ని మానిపించారు. నన్ను ఉంచారు. ఇద్దరి తరఫునా నువ్వు చదువు అన్నయ్యా అంది, ఏడేళ్ల పిల్ల. నేను చదివిన చదువులో సగం దానిదే, వనజా. ఆ సగంతోనే దానికి ఈ చీటీ రాసిచ్చాను. ఈ మాట ఎవరితోనూ అనలేకపోయాను, నీకు రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. అడిగితే మీ అమ్మలాగే నువ్వూ అన్నం పెడతావేమోనని భయం.

తప్పు నీళ్లదా, నా రాతదా ఎప్పటికీ తేలదని మీ డాక్టరు అన్నారు కదా. నాకు తేలింది.

అక్టోబరు పరీక్షకి మీ అమ్మని నేనే తీసుకొస్తాను. కొత్త ప్రిస్క్రిప్షన్ మీ డాక్టరు గారితోనే రాయించు, ఎన్ని రోజులో అంకె వేయించు, ఆయనతోనే సంతకం పెట్టించు. మీ అమ్మకి చదివి చెప్పడానికి రోజూ పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్తున్నాను. నీళ్లు గ్లాసుతో కొలిచి పెట్టి వస్తున్నాను. వెళ్లేటప్పుడు పెన్ను ఇంట్లోనే పెట్టేసి వెళ్తున్నాను.

మావయ్య